కరువునేలకు అంటగట్టిన శోకము: కథలలో స్థలవర్ణనమును గూర్చిన విచారము



గోరంట్లను గూర్చి గాని, దాని చుట్టునున్న మెట్టసీమను గూర్చి గాని కథ వ్రాయ బూనిన నేటి రచయిత కలము పట్టగనే నేల బీటలు వారును. రెండవ వాక్యమున ఆకాశమున రాబందు తిరుగును. మూడవ వాక్యమున ఎముకల గూడైన ఎద్దు నిలుచును. నాల్గవ వాక్యమునకు రాకమునుపే పాఠకునకు తెలియవలసినదంతయు తెలిసిపోవును: ఇది దుఃఖగాథ, ఇందు ఎవరో ఒకరు మరణింతురు. ఇక కథను చదువుట ఎందులకు?

ఆ మూడు వాక్యములలో సత్యమెంత ఉన్నదో పరిశీలింపవలెను. గోరంట్ల పరిసరములందు అధికభాగము ఎర్రగరప నేల. పలకలు పలకలుగా బీటలు వారు గుణము నల్లరేగడికిని, చెరువు గర్భమందలి బంకమన్నునకును కలదు. ఎర్రనేల ఎండినపుడు పైపొర పెళుసుబారి, కాలు తగిలిన పొడియై, గాలికి లేచి కన్నులలో పడును. ఇక రాబందు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అను ఔషధము వలన, ఆ పశుకళేబరములను తిన్న రాబందులు 1990ల నుండి భారతదేశమున దాదాపు నశించినవి. 2006లో ప్రభుత్వము ఆ ఔషధమును పశువైద్యమున నిషేధించినది. ఆకాశమున అరుదైపోయిన ఆ పక్షి కథలలో మాత్రము నేటికిని నిర్భయముగా తిరుగుచున్నది. ఎద్దు సంగతి చెప్పనక్కరలేదు. ట్రాక్టరు వచ్చిన పిమ్మట అనేక గృహములలో కాడి అటుకెక్కినది.

కావున ఆ రచయిత గోరంట్లను చూచి వ్రాయలేదు. పూర్వకథలను చూచి వ్రాసెను. ఆ కథకులును తమకు పూర్వులను చూచిరి. ఇట్లు ఒకని చూపును మరియొకడు అప్పు తెచ్చుకొనగా, ఒక భూమికి శాశ్వతముగా శోకము అంటగట్టబడినది. ఇది సాహిత్యవేత్తలకు మాత్రమే చెందిన చర్చ కాదు. భూమి ఈశ్వరసృష్టి. దానిమీద తన మనోభావమును పులిమి, అదియే దాని స్వరూపమని లోకమునకు చాటుట వేదాంతదృష్టిలో అధ్యాస, కావ్యదృష్టిలో అనౌచిత్యము, వ్యవహారదృష్టిలో అన్యాయము. ఈ మూడును ఒకే దోషమునకు మూడు నామములు.

వర్ణనము వలదనువారు

ముందుగా వేరొక పక్షమును విచారింపవలెను. నేటి కథారచనాశిక్షణలలో ఒక ఉపదేశము తరచుగా వినవచ్చుచున్నది: వర్ణనమును కత్తిరింపవలెను, సంఘటనముతో మొదలిడవలెను, పాఠకునకు ఓపిక లేదు. ఈ పక్షము పూర్తిగా నిరాధారము కాదు. దండి కావ్యాదర్శమున మహాకావ్యలక్షణము చెప్పుచు నగరము, సముద్రము, శైలము, ఋతువులు, చంద్రోదయము, సూర్యోదయము మున్నగు వర్ణనములను పేర్కొనెను. తెలుగున అవి అష్టాదశవర్ణనలుగా ప్రసిద్ధికెక్కినవి. తరువాతి కాలపు ప్రబంధకర్తలలో పలువురు ఆ పట్టికను దరఖాస్తులోని గడులవలె పూరించిరి. కథకు అక్కర ఉన్నను లేకున్నను చంద్రుడు ఉదయింపవలసినదే, నాయిక ఉద్యానమునకు పోవలసినదే. అట్టి వర్ణనమును దాటిపోయిన పాఠకుని నిందింపరాదు.

కాని వ్యాధి నివారణకై ప్రాణమునే తీయరాదు. విభావానుభావవ్యభిచారిభావముల సంయోగము వలన రసము నిష్పన్నమగునని భరతముని నిర్ణయించెను. విభావములలో ఆలంబనము ఒకటి, ఉద్దీపనము మరొకటి. దేశము, కాలము, వాయువు, వెలుతురు, ధ్వని ఇవన్నియు ఉద్దీపనములు. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరమందు ఆనందవర్ధనుడు ఇంకను లోతునకు పోయెను. రసమును దాని పేరుతో చెప్పినంత మాత్రమున రసము పుట్టదనియు, అది వ్యంగ్యముగా మాత్రమే స్ఫురించుననియు ధ్వన్యాలోకమున సిద్ధాంతీకరించెను. 'అతడు మిక్కిలి దుఃఖించెను' అని వ్రాసిన పాఠకునకు సమాచారము అందును గాని శోకము అందదు. 'ఉప్పు' అని వ్రాసిన చీటిని పులుసులో వేసినంత మాత్రమున పులుసునకు ఉప్పదనము రాదు కదా!

కనుక వర్ణనమును తొలగించిన రచయితకు మిగులునది విశేషణములు మాత్రమే. దీనుడు, అభాగ్యుడు, విషాదవదనుడు అని చీటీలు అంటించుచు పోవలెను. వర్ణనము కథకు అలంకారము కాదు, కథ ఊపిరి తీయు వాయువు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వర్షర్తువును వర్ణించుచు, తడిసిన కట్టెలు రాజుకొనక వంటయింట స్త్రీలు పడు పాట్లను సైతము చూపెను. మేఘములు, మెరుపులు చూపుటకు ఏ కవియైనను చాలును. 1509 మొదలు 1529 వరకు దక్షిణాపథమును ఏలిన చక్రవర్తి, పొయ్యి ఊదు స్త్రీ కన్నులలోని పొగను చూడగలిగెను. అది పట్టిక పూరించుట కాదు, చూచుట.

స్వపక్షదోషము

పరులను మాత్రమే నిందించి స్వపక్షమును విడుచుట ధర్మము కాదు. భక్తికథలు వ్రాయువారు, స్థలపురాణములను సరళవచనమున తిరిగి వ్రాయువారు, పురాణకాలక్షేపము చేయువారు ఈ దోషమునకు అతీతులు కారు. పైగా వారి దోషము ఇంకను పాతది. కరువు కథకుడు గోరంట్లకు లేని బీటలను తెచ్చినచో, భక్తికథకుడు గోరంట్లకు లేని తామరకొలనులను తెచ్చుచున్నాడు. మాధవరాయస్వామి సన్నిధిని గూర్చి వ్రాయునపుడు సైతము మావిగున్నలు చిగురించును, కోకిలలు కూయును, మలయమారుతము మందముగా వీచును.

చిత్రావతి కర్ణాటకమున నందిదుర్గ ప్రాంతమునుండి బయలుదేరి, ఈ సీమ గుండ ప్రవహించి పెన్నలో కలియు నది. సంవత్సరమున అధికభాగము అందు కనిపించునది ఇసుకయే. ఇక వాయువు. ఆషాఢమున ఈ సీమలో వీచు గాలి మందమారుతము కాదు, కప్పుమీది రేకును లేపు గాలి. కాళిదాసుని యక్షుడు నివసించిన రామగిరి వేరు. అనంతపురపు సీమలో అదే పేరుగల రామగిరి కొండలమీద గాలిమరలు నిలిపి విద్యుత్తు తీయుచున్నారనిన, ఆ గాలి బలమెంతయో ఊహింపవచ్చును.

సత్యమైన స్థలవర్ణనము భక్తిని తగ్గించునా? విజయనగరకాలపు రాతి ఆలయమునకు వేసవి మధ్యాహ్నమున పోయిన ప్రతి భక్తునకు ఒక అనుభవము కలదు. ఆవరణమందలి బండపరుపు అరికాళ్ళను కాల్చును. భక్తుడు పరుగువంటి నడకతో మండపము చేరును. లోపలికి పోవుకొలది రాయి చల్లబడును. గర్భగృహపు గడప యొద్ద చమురుదీపపు వాసనతో కూడిన చల్లదనము ముఖమునకు తగులును. తాపత్రయమునుండి శరణాగతికి నడచు దూరమంతయు ఆ ఇరువది అడుగులలో ఉన్నది. అది వేయి కోకిలల కూతలలో లేదు. పదునొకండవ శతాబ్దమున క్షేమేంద్రుడు ఔచిత్యవిచారచర్చలో ఔచిత్యస్థానములను లెక్కించుచు దేశౌచిత్యమును, కాలౌచిత్యమును ప్రత్యేకముగా చేర్చెను. మలయమారుతము మలయమున ఉచితము. గోరంట్లలో అది రసభంగము.

విద్యారణ్యుల మణి

ఇక ప్రధానవిషయము. స్థలమునందు భావమున్నదా, లేక చూచువానియందున్నదా? ఈ ప్రశ్నకు సమాధానమును ఎచ్చటనో వెదుకనక్కరలేదు. విజయనగరస్థాపనతో సంప్రదాయము ముడివేసిన శ్రీ విద్యారణ్యులే పంచదశిలో చెప్పిరి. ఆ గ్రంథమందలి నాల్గవ ప్రకరణము ద్వైతవివేకము. అందు జగత్తును రెండుగా విభజించిరి: ఈశ్వరసృష్టి, జీవసృష్టి. మణి యొకటి కలదు. అది లభించినవాడు హర్షించును. లభింపనివాడు కోపించును. విరక్తుడు చూచును, అంతే. వానికి హర్షమును లేదు, కోపమును లేదు. మణి ఈశ్వరసృష్టి. ప్రియము, అప్రియము, ఉపేక్ష్యము అను మూడు ఆకారములు జీవుడు కల్పించినవి.

మరియొక దృష్టాంతమును ఆ ప్రకరణముననే చెప్పిరి. కుమారుడు దూరదేశమున క్షేమముగా ఉన్నను, అతడు మృతుడయ్యెనని వంచకుడు పలికినంతనే ఇంటనున్న తండ్రి రోదించును. నిజముగా మృతుడైనను, వార్త రానిచో రోదింపడు. తండ్రిని ఏడ్పించినది బాహ్యమందలి పుత్రుడు కాదు, మనస్సునందలి పుత్రుడు.

ఇంతకన్న స్పష్టముగా స్థలవర్ణనశాస్త్రమును చెప్పినవారు అరుదు. గోరంట్లనుండి బెంగళూరునకు పనికై పోయిన కుమారుని తండ్రి ఒకడు సాయంకాలము అరుగుమీద కూర్చున్నాడని భావింపవలెను. ఎదుట వేపచెట్టు, దానిక్రింద మేకపిల్ల, వీధిచివర దుమ్ము రేపుకొనుచు వచ్చు బస్సు. ఫోను మ్రోగకమునుపు ఆ బస్సు కొడుకు ఎక్కిరాదగిన బస్సు. ఫోను మ్రోగిన పిమ్మట అదే బస్సు ఎవరెవరో దిగిపోవు బస్సు. వేపచెట్టు మారలేదు, దుమ్ము మారలేదు. మారినది జీవసృష్టి. దానిని చూపుటకు రచయిత దుఃఖమను పదమును వాడనక్కరలేదు. దిగినవారిని తండ్రి ఒక్కొక్కరిగా చూచి, బస్సు కదలిన పిమ్మట కూడ ఆ దిక్కుననే చూచెనని వ్రాసిన చాలును.

ప్రకృతికి మానవభావములను అంటగట్టుట దోషమని 1856లో ఆంగ్లవిమర్శకుడు జాన్ రస్కిన్ సైతము వ్రాసెను. కాని అతని మాటకన్న విద్యారణ్యుల మాట సూక్ష్మమైనది. జీవసృష్టి దోషమని విద్యారణ్యులు ఊరకుండలేదు, అది బంధహేతువై అనుభవమున ఉన్నదనిరి. కథ అనుభవమును గూర్చినది. కావున పాత్ర తన శోకమును భూమిమీద ఆరోపించుట దోషము కాదు, అది ఆ పాత్రను గూర్చిన సత్యము. దోషమెచ్చటనగా, రచయితయే ఆ ఆరోపమున పడుట. రజ్జువు పాత్రకు సర్పముగా కనిపింపవచ్చును, కనిపింపవలెను కూడ. కవికి మాత్రము అది రజ్జువని తెలిసియుండవలెను. ఇద్దరును సర్పమనియే భ్రమించినచో, పాఠకునకు దీపము చూపువాడు ఎవడు?

సాంఖ్యులు ఇచట ఆక్షేపింపవచ్చును. సుఖదుఃఖమోహములు విషయములయందే ఉన్నవని, ఒకే స్త్రీ భర్తకు సుఖమును, సవతులకు దుఃఖమును, పరునకు మోహమును కలిగించుట అందులకు ప్రమాణమని వాచస్పతిమిశ్రుడు చూపెను కదా! అట్లే కానిండు. ఆ మతమున సైతము వస్తువునందు మూడు గుణములు ఉన్నవి. గోరంట్లకు దుఃఖమొక్కటియే వ్రాసినవాడు సాంఖ్యునకును శత్రువే.

ఆదికవి చూపిన మార్గము

శ్రీమద్రామాయణమున ఈ వివేకము అడుగడుగున కనిపించును. కిష్కింధాకాండమున వర్షాకాలము వచ్చును. ఆ ఒక్క వర్షమును ఎందరు ఎట్లు చూచిరో గమనింపవలెను. శ్రీరామునకు నల్లని మేఘమున కదలు మెరుపు, రావణుని అంకమున తల్లడిల్లు సీతవలె తోచినది. అదే కాలమున సుగ్రీవుడు చిరకాలమునకు లభించిన రాజ్యభోగమున మునిగియుండెను. వానికి ఆ వాన విరామము. వర్షము ఒకటి, భావములు అనేకములు. వాల్మీకి వర్షమునకు శోకము అంటగట్టలేదు. రామునకు అంటగట్టెను, వర్షమును చూడనిచ్చెను.

అరణ్యకాండమందలి హేమంతవర్ణనము మరియొకటి. పంచవటిలో లక్ష్మణుడు చలికాలమును వర్ణించును: మంచు, మసకబారిన సూర్యుడు, తాకుటకు వెరపు పుట్టించు జలము. ఆ వర్ణనము పోయి పోయి ఎచ్చట ఆగినది? ఈ చలిలో తెల్లవారుజామున సరయువున స్నానమునకు దిగు భరతునియొద్ద. అన్నపై ప్రేమతో రాజభోగములు విడిచి నేలపై శయనించు తమ్ముడు ఆ చన్నీటిలో ఎట్లు దిగుచున్నాడో అని లక్ష్మణుడు తలచును. అంతవరకు ఋతువర్ణనమనుకొన్నది అంతయు భ్రాతృస్నేహమని పాఠకునకు అప్పుడు తెలియును.

వృక్షములు సైతము ఏడ్చినట్లు వ్రాసిన ఘట్టము రామాయణమున లేదా యని అడుగవచ్చును. ఉన్నది. రామవియోగమున చెట్లు వాడినవి, నదీజలములు వేడెక్కినవి అను వర్ణనము అయోధ్యాకాండమున కలదు. కాని ఆ మాటలు ఎవరివి? రాముని అరణ్యమున విడిచి, శూన్యరథముతో మరలివచ్చిన సుమంత్రుడు దశరథునకు చెప్పిన మాటలు. ఆ మార్గమంతయు అతడు కన్నీటిగుండ చూచెను. కవి ఆ మాటను సారథి నోట పెట్టుటలోనే వివేకమున్నది.

ఒక మేఘము, మూడు కథలు

ఇక గోరంట్లకు మరలవలెను. ముంగారు కాలపు సాయంకాలమున పడమటి గుట్టమీద ఒక మేఘము లేచినదని అనుకొనవలెను. అప్పు తెచ్చి వేరుశనగ విత్తిన రైతు ఒకడు. పచ్చి ఇటుకలను ఆరబెట్టి బట్టీ పేర్పునకై వేచియున్న కూలి ఒకడు. పాడుపడిన మండపమున కూర్చున్న బైరాగి ఒకడు.

రైతు మేఘమును చూచి విత్తిన దినమును వ్రేళ్ళమీద లెక్కించును. అదును తప్పలేదు, పదును మాత్రమే కావలెను. గాలి దిక్కు మారెనా యని చొక్కా కొంగును పట్టి చూచును. కూలి ఆకాశమును ఒక్కమారు చూచి, పిమ్మట చూడడు. ఇటుకల వరుసలను చూచును, తనయొద్ద ఉన్న టార్పాలిన్ ఎన్ని వరుసలకు చాలునో చూచును, ఏ వరుసలను కరగిపోనీయవలెనో నిర్ణయించును. బైరాగి తనయొద్దకు చేరిన మేకకు చోటిచ్చి కాస్త జరుగును. ప్రియము, అప్రియము, ఉపేక్ష్యము: విద్యారణ్యుల మణి మూడు ముఖములతో గోరంట్ల ఆకాశమున నిలిచినది. ఈ మూడింటిలో ఎచ్చటను 'సంతోషము' అనుమాట లేదు, 'భయము' అనుమాట లేదు. అయినను పాఠకునకు మూడును అందినవి.

మరియొక ఉదాహరణము. ఈ సీమలో మల్బరీ పెంచి, పట్టుపురుగులను సాకి, గూళ్ళను హిందూపురపు అంగడికి కొనిపోవు కుటుంబములు కలవు. నాల్గవ జ్వరము లేచిన పిమ్మట పురుగులు రేయింబవళ్ళు ఆకు మేయును. నిశిరాత్రమున ఆ షెడ్డులో నిలిచినవానికి వేలాది పురుగులు ఆకు కొరుకు సవ్వడి, అచ్చముగా ఆకులమీద పడు చిరుజల్లువలె వినిపించును. బయట నెలల తరబడి చినుకు లేదు. లోపల వాన కురియుచున్నది. ఆ చీకటిలో రైతు ఒకడు పని ముగిసిన పిమ్మట కూడ లేచిపోక, తట్టకు ఆనుకొని వినుచు కూర్చున్నాడని ఒక్క వాక్యము వ్రాసిన, కరువును గూర్చి అంతకన్న చెప్పవలసినది ఏమున్నది? ఇది ధ్వని. బీటలు వారిన నేల, రాబందు, ఎముకల ఎద్దు మూడును కలసి ఇంత చెప్పగలవా?

శాపమనిన బాధ్యత తొలగును

ఒక తీవ్రమైన ఆక్షేపమునకు సమాధానము చెప్పక ఈ విచారము ముగియదు. రైతులు అప్పులలో మునిగియుండగా, పల్లెలు వలసపోవుచుండగా, వర్ణనమున శోకము తగ్గింపవలెనని చెప్పుట కఠినత్వము కాదా? వేదాంతము పేరుతో కష్టమును మిథ్య యనుట కాదా?

కాదు. వ్యావహారికసత్తయందు ఆకలి ఆకలియే. దానిని మిథ్య యని తోసివేయు వేదాంతము వేదాంతమే కాదు. ఈ సీమ సగటు వార్షికవర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగించుటచే వర్షచ్ఛాయలో పడిన ప్రాంతమిది. ఈశాన్యఋతుపవనములును ఇచటికి చేరునప్పటికి క్షీణించును. ఇవి కారణములు. కారణములను తెలిసికొనవచ్చును, వానికి తగిన ఉపాయములను చేయవచ్చును. శాపమునకు అట్టి ఉపాయము లేదు. భూమి శపింపబడినదని వ్రాసినంతనే, పూడిక తీయని చెరువునకు, తెగిన కట్టకు, గిట్టుబాటు కాని ధరకు, లోతు పెంచుచు పోయిన బోరులకు సమాధానము చెప్పవలసినవాడు ఎవడును ఉండడు. శోకమయవర్ణనము కరుణవలె కనిపించుచు, నిజమునకు బాధ్యులందరిని విడిచిపుచ్చును.

పూర్వులు ఈ నేలను శాపమనలేదు. కడపసీమలోని పోరుమామిళ్ళయందు 1369 నాటి శాసనము కలదు. బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు అచట చెరువు త్రవ్వించి, ఆ వృత్తాంతమును శిలపై చెక్కించెను. మంచి తటాకమునకు కావలసిన పన్నెండు సాధనములను, తటాకమునకు చేటు చేయు ఆరు దోషములను ఆ శాసనము లెక్కించినది. రెండు సంవత్సరములు దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పని చేసినట్లు చెప్పినది. అదియు ఒక స్థలవర్ణనమే. అందు నేలను చూచిన కన్ను ఏడ్చు కన్ను కాదు, కొలుచు కన్ను.

1876 నుండి 1878 వరకు సాగిన ధాత కరువు ఈ సీమను పీడించినది. ఆ కరువు కాలమున సైతము దేశమునుండి ధాన్యము ఓడలపై విదేశములకు పోయినది. ఆనాటి మరణములను ఆకాశముమీదకు నెట్టినచో ఆ ఓడలు కనిపింపవు. రాయలసీమలో కరువునకు 'ఇనుపగజ్జెల తల్లి' అను పేరు కలదు. ఆ పేరు పెట్టిన పామరజనము నేటి రచయితలకన్న గొప్ప కవులు. వారు భూమిని నిందింపలేదు. కరువును భూమినుండి వేరుచేసి, బయటనుండి గజ్జెల చప్పుడుతో వచ్చునదిగా భావించిరి. వచ్చినది పోవును. భూమి ఉండును.

ఈ సీమ రచయితలందరును ఈ దోషమున పడిరని అనుట అసత్యమగును. అనంతపురసీమలోని తరిమెలలో జన్మించిన విద్వాన్ విశ్వము 1956 నాటి పెన్నేటి పాటలో ఎండిన పెన్నను చూపెను. కాని ఆ ఇసుకను ఒక నిరుపేద దంపతుల బ్రతుకుతో ముడివేసి చూపెను. అందుచేతనే అది నేటికిని చదువబడుచున్నది. బండి నారాయణస్వామి హండే ప్రభువుల కాలమును గూర్చి వ్రాసిన 'శప్తభూమి' నవలకు 2019 సంవత్సరపు కేంద్రసాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఒక చరిత్రకాలమును, అందలి మనుష్యుల క్రౌర్యమును గూర్చిన నవలకు ఆ శీర్షిక పెట్టుటకు రచయితకు సర్వాధికారము కలదు. ఆ నవలను చదువక, దాని పేరును మాత్రము ఊడదీసి ఒక సీమ నొసట అంటించుటయే ఇచట నిందింపబడుచున్నది.

సముద్రమునకు ఆవలి ఉదాహరణమును చూచినను ఇదియే తేలును. 1930లలో అమెరికా దేశపు ఓక్లహోమా ప్రాంతము ధూళితుపానులతో పాడైనది. జాన్ స్టైన్‌బెక్ 1939లో 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' నవలను ఆ ధూళివర్ణనముతోనే మొదలిడెను. ఆ మొదటి అధ్యాయమున పేరుగల పాత్ర ఒక్కటియు లేదు. దుమ్ము కప్పిన పొలములను పురుషులు చూచుచుందురు. స్త్రీలు మాత్రము పొలములను కాక పురుషుల ముఖములను చూచుచుందురు, వారు కుంగిపోవుదురో నిలుతురో అని. భూమి శప్తమని అతడు వ్రాయలేదు. తరువాతి అధ్యాయములలో బ్యాంకులు వచ్చును, ట్రాక్టర్లు వచ్చును. చూపు సరియైనది కావున కారణములు కనిపించినవి.

సిద్ధాంతము

లేపాక్షి వీరభద్రాలయమున అచ్యుతదేవరాయల కాలమునాటి కల్యాణమండపము కలదు. కప్పు పడని స్తంభములు ఆకాశమునకు తెరచుకొని నిలిచియున్నవి. విరూపణ్ణ కథ విన్న యాత్రికునకు అది తెగిపోయిన వివాహమంగళమువలె తోచును. వినని బాలునకు స్తంభముల నడుమ దాగుడుమూతలాడు చోటు. ఛాయాచిత్రమునకై వచ్చిన నవదంపతులకు శుభస్థలము. రాయి మూడింటికిని మౌనముగా ఒప్పుకొనును. ఆ మౌనమును పాడుచేయకుండ, ఎవరి కన్నులతో చూచుచున్నాడో తెలిసి వ్రాయుటయే రచయిత ధర్మము.

కావున గోరంట్లను గూర్చి, లేదా ఏ గ్రామమును గూర్చియైనను వ్రాయదలచినవారు మూడు నియమములు పాటింపవలెను. మొదటిది, ఈశ్వరసృష్టిని ఉన్నది ఉన్నట్లు చూడవలెను: ఏ మన్ను, ఏ చెట్టు, ఏ మాసమున ఏ గాలి. ఇది సత్యము. రెండవది, జీవసృష్టిని పాత్రకు అప్పగింపవలెను: అతడు ఏమి చూచును, ఏమి చూడ నిరాకరించును. ఇది దయ. మూడవది, ఆ రెండింటిని కలిపి గందరగోళపరచరాదు. ఇది వివేకము. సత్యము, దయ, వివేకము లేనివాని వర్ణనము ఎంత కన్నీరు తెప్పించినను అది కల్తీ కన్నీరే.

ఈ నియమములు కథకులకు మాత్రమే కావు. వ్యాసపీఠముపై కూర్చుండి పురాణము చెప్పువారు తామరకొలనులను కొంతకాలము విడిచి, ఎదుట కూర్చున్న శ్రోతల కాళ్ళ ఎర్రదుమ్మును చూడవలెను. ఆ శ్రోతలు ఉదయము పొలములో మట్టిని పిడికిట పట్టి పదును చూచి వచ్చినవారు. వారికి తమ నేల శప్తమని చెప్పువాడును అక్కరలేదు, తమ నేల నందనవనమని చెప్పువాడును అక్కరలేదు. తమ నేలను తమవలె చూచి చెప్పువాడు కావలెను. ఆషాఢమున విత్తనపు గింజ ఎర్రమట్టిలో పడినపుడు రైతు మనస్సున ఉన్నది శోకము కాదు, కేవలమైన ఆశయు కాదు. ఫలమును విడిచి కర్మను చేయుమన్న గీతాచార్యుని ఉపదేశమును ఈ సీమరైతు ప్రతి సంవత్సరము, ఎవరును బోధింపకయే, ఆచరించుచున్నాడు. ఆ క్షణపు నిశ్శబ్దమును యథాతథముగా వర్ణింపగల కథకునికొరకు ఆ నేల ఎదురుచూచుచున్నది.